ఎర్ర పెంకుల మీద మంచు

ధర్మవరం

పద్మా,

మన సుజాత, అల్లుడు ఈ డిసెంబర్లో నాలుగు రోజులు యూరప్ పోతున్నారు. ప్రాగ్‌కా, వియన్నాకా అన్నది తేల్చుకోలేక హిందూపురం నుంచి నాకు ఫొటోలు పంపారు. ఫోన్ తీసుకుని వాకిట్లో ఎండలోకి వచ్చి చూశాను. పట్టు రంగులను నువ్వు అట్లాగే చూసేదానివి కదా.

"ప్రాగ్‌కే పోండి" అని ఫోన్లో చెప్పాను.

"ఎందుకు నాయనా?" అంది సుజాత.

"ఎర్ర పెంకుల మింద మంచు పడితే, ఎర్ర చీరకు తెల్ల అంచు మాదిరి ఉంటాదని మీయమ్మ చెప్పేది."

చలికాలంలో మనిద్దరం పోయి రావాలని నువ్వు టీవీలో చూసి ఎంచిన ఊరు అదేనని మాత్రం దానికి చెప్పలేదు. నువ్వు అడిగినప్పుడల్లా నేను "మగ్గం మింద సాగదీసిన ఈ నిలువు పోగులన్నీ నేసేసి, ఈ వార్పు అయిపోనీ" అనేవాణ్ణి.

"అయిపోయే ముందే పాత పోగుల కొసలకు కొత్త వార్పు అతికిస్తాండావు. మన వార్పు యాడ అయిపోతుందయ్యా?" అని నవ్వేదానివి.

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ పొద్దున చివరి చీర కోసి మగ్గం దించాను. పోగులు అతికించే ఆమె ఎప్పటిలాగే వచ్చి కూర్చుంటే, వద్దని పంపేశాను.

వార్పు అయిపోయింది, పద్మా.