వెనకవైపు మూడు చుక్కలు

ఫిబ్రవరి 3
పంతొమ్మిదేళ్ళయింది. అప్పట్లో వెల్డింగ్ షాపు నాదీ తమ్ముడిదీ. మంట చూసి కళ్ళు వాచి నేను పది రోజులు ఇంట్లో పడున్నాను. తిరిగొచ్చేసరికి కొత్త బోర్డు. తమ్ముడి పేరొక్కటే. ఎందుకురా అన్నాను. మాస్కు దించుకుని వెల్డింగ్ మొదలెట్టాడు. సుత్తి సంచిలో వేసుకుని వచ్చేశాను. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.
నా పేరు రాయడం నాకు నేర్పింది వాడే. రేకు మీద సుద్దముక్కతో.

ఫిబ్రవరి 6
మరదలు వచ్చింది. నిలబడే చెప్పింది. వాడి తలలో క్యాన్సర్ గడ్డ. కోసి తీసినా మళ్ళీ వచ్చిందట. మాట పడిపోతోందట. కొత్త ట్రయల్ ఒకటుంది, అన్నదమ్ముల స్టెమ్ సెల్స్ అయితే మంచిదన్నారట. బావగారూ, ఆయన కోసం రావద్దు, నా కోసం రండి అంది. మంచినీళ్ళు కూడా తాగకుండా పోయింది. మనిషికి రోషం బాగానే ఉంది.

ఫిబ్రవరి 11
డాక్టరమ్మ నా మనవరాలంత ఉంటుంది. ఓపిగ్గా చెప్పింది. నా నడుము ఎముకలోంచి మూలుగ తీస్తారు. అందులో సెల్స్‌ని ల్యాబ్‌లో పెంచి, మందు ఎక్కించి, వాడి మెడ నరంలోకి వదులుతారు. గడ్డని వాటంతటవే వెతుక్కుంటూ పోయి, మందు అక్కడే దించుతాయట. మిగతా ఒంటికి అంత దెబ్బ ఉండదట. దారి ఎవరు చెప్తారన్నాను. గడ్డ దగ్గర వాపు ఉంటుంది, దాని జాడ పట్టుకుంటాయంది. బెల్లానికి చీమల్లాగానా అంటే నవ్వింది. గ్యారంటీ లేదని మాత్రం పదిసార్లు చెప్పింది.
తిరిగొస్తాయా అన్నాను. రావు, అక్కడే పోతాయంది.
అయినా వాడి దాకా వెళ్తాయి, నాకంటే నయం. వాడిల్లు రెండు వీధుల అవతల. నేను వెళ్ళలేకపోయాను.

ఫిబ్రవరి 13
మూలుగ తీశారు. గునపంతో పొడిచినట్టుంది. నొప్పి లేదని చెప్పాను.

మార్చి 20, పొద్దున పది
సెల్స్ బాగా పెరిగాయట. నా వయసుకి ఆశ్చర్యమేనంది డాక్టరమ్మ. ఇనుము మోసిన ఎముకలోవి, పెరగక ఏం చేస్తాయి. ఇవాళ వదిలారు. అద్దం తలుపు బయట నుంచి చూశాను. వాడి తల గుండు. చిన్నప్పుడు జ్వరం వచ్చి గొరిగించినప్పుడు ఇలాగే ఉండేవాడు. నా భుజం మీదే ఉండేవాడు.
లోపలికి వెళ్ళలేదు. నా బదులు అవి వెళ్ళాయి.

మార్చి 24
వెళ్ళాను. వాడికి మాట రాలేదు. నన్ను చూసి మంచం రాడ్డు మీద వేలితో మూడుసార్లు కొట్టాడు. ఆగి, మళ్ళీ మూడు. నెల నుంచీ ఇదే వరస బావగారూ, నీళ్ళా అన్నా కాదంటారు, దిండా అన్నా కాదంటారు అంది మరదలు.
నాకు తెలిసింది. మా షాపులో ఎవరు చేసిన గేటు వెనక వాళ్ళు తమ గుర్తుగా వెల్డింగ్ చుక్కలు పెట్టాలి. వాడివి రెండు. నావి మూడు. నాకు పేరు రాయడం రాని రోజుల నుంచీ అంతే.

మార్చి 25
మరదలిని తాళాలు అడిగి తీసుకుని షాపుకెళ్ళాను. ఆ బోర్డు కూడా వాడు చేసిందే, వెనక చూడాలనిపించింది. నిచ్చెన వేసి బోర్డు దించాను. వెనక తుప్పు గోకాను. రెండు చుక్కలు. పక్కన మూడు. ఆ మూడూ వాడు పెట్టినవే, వంకరగా ఉన్నాయి. వాడి చెయ్యి మొదట్నుంచీ వంకరే.
బోర్డు గోనెలో చుట్టి తెచ్చాను.

మార్చి 26
తమ్ముడూ, బోర్డు ఆసుపత్రిలో నీ మంచం కింద పెట్టాను. గోడకి నా గుర్తు, వీధికి నీ పేరు. ఇదేం న్యాయంరా? ఏప్రిల్ రెండు, బుధవారం నీకు స్కాన్. ఆ రోజుకి జవాబు చెప్పాలి. నోటితోనే. వేలితో కొడితే చెల్లదు.