పది దాటాకే పెట్టండి

మఫియా దీవిలో పడవలు కడుతున్న షొమారీ గారికి, టాంగా నుంచి హవా సలాములు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మగారి దగ్గు తగ్గింది. మీ నడుం నొప్పి సంగతి రాయలేదేం?

మీరడిగిన వాటికి జవాబులు. మన వడ్రంగి షాపు నడుస్తోంది. పొద్దున కొలతలు, కోతలు, మధ్యాహ్నం బిగించడం, ఎండ తగ్గాక పాలిష్. ఏ పని ఏ వేళకో పలక మీద రాసి తలుపుకు తగిలించాను. మీరున్నప్పుడు ఊరంతా మిమ్మల్ని "రేపటి మేస్త్రి" అనేవారు, గుర్తుందా? నెల రోజులుగా మన షాపులో "రేపు" అన్న మాటే లేదు. మీరు నవ్వుతారని తెలుసు, నవ్వండి.

బీ రుకియా గారి వంటింటి అల్మారాలు మీరు చెప్పినట్టే మ్నింగా చెక్కతో చేశాను. తుంటి ఎముక విరిగాక ఆవిడ నిలబడి వండలేరు కదా. అందుకని స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి ఎంత ఎత్తు అందుతుందో సుద్దముక్కతో ఆవిడ చేతే గోడ మీద గీయించాను. మోకాళ్లు దూరడానికి గట్టు కింద ఖాళీ వదిలాను. గోడ అల్మారాను ఆ గీత దాకా దించాను. "నా వంటిల్లు నాకు తిరిగొచ్చిందే హవా!" అని ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఇంతవరకే రాసి ఉత్తరం మడిచేద్దామని మూడుసార్లు అనుకున్నాను.

ఆ గోడ అల్మారా పడిపోయిందండీ.

పాత పగడపు రాతి గోడ అది. మేకుల కోసం తొలిచిన రంధ్రాల్లో సిమెంటు నింపాక మీరైతే రెండు రోజులు ఆగేవారు. పలక మీద శుక్రవారం సాయంత్రం అని రాసుకున్నాను కనుక నేను ఆగకుండా బిగించేశాను. ఆరడానికి మర్నాడు సాయంత్రం దాకా చాలనుకుని, "శనివారం 10 దాటాకే సామాను పెట్టండి" అని చీటీ రాసి గోడకు అంటించాను.

ఆవిడ కోడలు ముటింటా పరదేశపు పిల్ల, లుసాకాది. వచ్చి రెండు నెలలే అయింది. మనం తెల్లవారింది మొదలు గంటలు లెక్కపెడతాం, మనకు పది అంటే సాయంత్రం, అసర్ నమాజు వేళ. వాళ్ల వైపు అర్ధరాత్రి నుంచి లెక్కపెడతారు. వాళ్ల పది మన నాలుగు, ఇంకా పొద్దుటి పూటే. ఇంకో ఆరు గంటలు ఆగాల్సిన అల్మారాలో ఆ పిల్ల పింగాణీ పళ్లేలన్నీ సర్దేసింది. కింద బీ రుకియా గారు చేపలు తోముతున్నారు.

తల మీద పడలేదు, దేవుడి దయ. కుడి మణికట్టు విరిగింది.

నేను పరుగెత్తుకెళ్లేసరికి ఆవిడ చెల్లెలు కోడలి మీద అరుస్తోంది. "చదువుకున్నదానివి కదే, గోడ మీద రాసింది కనపళ్లేదా? కళ్లు నెత్తికెక్కాయా?"

"పది దాటాకే పెట్టానండీ, ఒట్టు!"

"పైగా అబద్ధమా! పది ఇంకా ఎక్కడయిందే?"

వాళ్లిద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకొక్కదానికే తెలిసింది. అప్పుడు నేనేం చేశానో వినండి. చెక్కలు ఏరుతున్నట్టు వంగి, ఆ చీటీ పీకి నా కంగా కొంగున ముడేసుకున్నాను. నోరు విప్పలేదు. ఆడమేస్త్రి వేళకు పని చేస్తుందని ఊళ్లో ఇప్పుడిప్పుడే అంటున్నారు, ఆ మాట పోతుందని భయపడ్డాను. నాలుగు రోజులు ఆ ఇంట్లో ముటింటాతో ఎవరూ మాట్లాడలేదు. "నన్ను చంపబోయింది" అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెప్పారు. ఇవాళ పెద్దలు కూర్చుని ఆమెను పుట్టింటికి పంపేస్తారట.

ఇక్కడిదాకా పొద్దున రాశాను. ఇప్పుడే అక్కడికి వెళ్లి వచ్చాను.

చీటీ అందరి ముందూ పెట్టాను. "పొద్దునో సాయంత్రమో నేను రాయలేదు. సిమెంటు పచ్చిగా ఉండగా బిగించిందీ నేనే. ఆ పిల్ల తప్పు లేదు" అన్నాను. బీ రుకియా గారు చీటీని చూసి, "నీ పది ఎప్పుడమ్మా?" అని కోడల్ని అడిగారు. ఆ పిల్ల పొద్దుటి ఎండ పడే తూర్పు కిటికీ వైపు చెయ్యి చూపించింది. అత్తగారు కట్టు కట్టిన చేత్తోనే ఆమెను దగ్గరకు లాక్కున్నారు.

నేను లేచి వస్తుంటే ముటింటా గుమ్మం దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అక్కా, నాలుగు రోజులూ ఇది నీ కొంగులోనే ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను.

ఇట్లు,
మీ ఇంటిది,
హవా