బ్లీచింగ్ తాగిన రెక్క

ఫిబ్రవరి 1, ఆదివారం

గాల్లో ఉండగా పారామోటార్ ఇంజిన్, అదే వీపుకు కట్టుకుని ఎగిరేది, ఆగిపోయింది. శామ్ కంగారు పడకుండా దింపాడు. నా తమ్ముడని కాదు గానీ, బాగానే దింపాడు వెధవ. చిన్నాయన రొయ్యల గుంట గట్టు మీద కాళ్ళు ఆన్చాడు, అంతలో పైనున్న గొడుగులాంటి బట్ట రెక్క వెనక్కి వాలి గుంటలో పడింది. నీళ్ళు చిలికే ఏరియేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. రెక్క తాళ్ళు ఆ చక్రాలకు చుట్టుకుంటే రెక్కతో పాటు వీణ్ణీ లోపలికి లాగేస్తాయి... నా పై ప్రాణాలు పైనే పోయాయి. చిన్నాయన పరిగెత్తి స్విచ్ కట్టేశాడు. దేవుడున్నాడు.

శామ్‌కి మడమ బెణికింది. మోటారు విప్పి పక్కన పెట్టి, వాణ్ణి స్కూటీ ఎక్కించుకుని ఆస్పత్రికి. రెక్క ఇంకా నీళ్ళలోనే. "నువ్వు బో పాపా, నీ గొడుగు సంగతి నేను జూసుకుంటా" అన్నాడు చిన్నాయన. నీళ్ళు నిండి ఉంటుంది, వెనకంచు పట్టి ఎత్తొద్దు, లోపలి బట్ట గోడలు చిరిగిపోతాయని అరిచి చెప్పాను. తల ఊపాడు. ఎంత అర్థమైందో.

ఫిబ్రవరి 2, సోమవారం

కుట్టు షాపు మధ్యాహ్నం మూసి గుంటల దగ్గరికి వెళ్ళాను. మోటారు షెడ్డులో పట్టా కప్పి ఉంది. రెక్క కూడా షెడ్డులోనే, నీడన, చక్కగా ఆరేసి ఉంది. అబ్బ, ఎండలో వెయ్యలేదు మా చిన్నాయన అని సంతోషించేలోపే వాసన కొట్టింది. కొత్తగా మందు కలిపిన పంచాయతీ కుళాయి నీళ్ళ వాసన.

"బ్లీచింగా చిన్నాయనా?"

"మరి? గుంటలో పడింది ఏదన్నా గానీ, బ్లీచింగులో ముంచందే గట్టు దాటనీను. నా కాళ్ళైనా అంతే. వైట్‌స్పాట్ తెగులు పక్క గుంటకి పాకితే ఎవురు దిక్కు? రేయంతా డ్రమ్ములో నానబెట్టినా. శుబ్బరంగుంది జూడు."

నీలం డ్రమ్ము అడుగున కరగని పొడి ఇంకా తెల్లగా పేరుకుని ఉంది.

ఏమనను? ఆయన తప్పేముంది? ఇక్కడ వలలూ బకెట్లూ అన్నీ అందులో మునిగి లేవాల్సిందే. వేలు కూడా పెట్టొద్దని చెప్పి వెళ్ళి ఉండాల్సింది. ఆయన మొహం చూస్తే సంబరం. టీ పోయించాడు. తాగి, రెక్క తీసుకుని వచ్చేశాను. దారిలో ఏడుపొచ్చింది.

ఫిబ్రవరి 3, మంగళవారం

పొద్దున్నే పెద్ద తొట్టిలో మంచినీళ్ళు పట్టి మళ్ళీ ముంచాను. నాలుగుసార్లో ఐదుసార్లో నీళ్ళు మార్చాను. సబ్బు లేదు, బ్రష్షు లేదు, పిండటం లేదు. షాపు వెనక రేకుల కింద వదులుగా పరిచాను. తాళ్ళు విడిగా ఆరబెట్టాను.

ఒక చివర నారింజ రంగు కాస్త వెలిసినట్టుంది, డ్రమ్ము అడుగుకి ఆనిన వైపు. వేళ్ళతో నలిపి చూశాను, లాగి చూశాను, వెలుతురుకి ఎత్తి చూశాను. బట్ట కుట్టి బతికేదాన్ని, నా వేళ్ళకు ఏ తేడా తెలియలేదు. శామ్ అడిగితే "బట్ట బాగానే ఉన్నట్టుందిరా" అనేశాను.

నోరు అదుపులో ఉండదు కదా నాకు.

ఫిబ్రవరి 5, గురువారం

మాస్టారికి ఫోన్ చేశాను. కొండల్లో మా ఇద్దరికీ ఎగరడం నేర్పింది ఆయనే. మొత్తం చెప్పాను. ఎంతసేపు నానిందని అడిగారు. తర్వాత — "నైలాన్‌కి బ్లీచింగ్ అస్సలు పడదమ్మా. చేత్తో చూస్తే తెలీదు. సూది గుచ్చి లాగి చూడాలి, గాలి ఎంత కారుతోందో చూడాలి. రెక్క పంపించు. అందాకా ఎవరూ ఎగరొద్దు."

ఎన్నాళ్ళు పడుతుందంటే, ముందు వచ్చినవి చాలా ఉన్నాయట. నెల దాటొచ్చు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

శామ్‌కి చెప్పాను. అనుకున్నదే అయింది. ఇరవై రెండున వీడికి ఖాయమైన పిల్ల ప్రసన్న వాళ్ళు సంగం నుంచి వస్తున్నారు, కాబోయే అల్లుడు గాల్లో తేలుతుంటే చూడ్డానికి. ప్రసన్న వాళ్ళ మామయ్యకు కూడా చెప్పుకున్నాడట.

"నెలా? ఏం మాట్లాడతుండావక్కా? బట్ట బాగుందని నువ్వే గదా అనింది?"

"అన్నాను. తెలీక అన్నాను."

"టైలరుకి తెలీనిది ఇంకెవురికి తెలస్తదంట!"

మాట పడేసి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు. చెంప పగలగొట్టాలనిపించింది. వాడి వయసుకి కొట్టలేం.

ఫిబ్రవరి 8, ఆదివారం

గుడి నుంచి వచ్చేసరికి సముద్రపు గాలి మొదలైంది. ఇలాంటి గాలి రోజూ రాదు. ఒకే రెక్క మా ఇద్దరికీ, ఒక వారం వాడు, ఒక వారం నేను. ఇవాళ నా వంతు.

నాకు మాత్రం ఎగరాలని ఉండదా? పైనుంచి చూస్తే గుంటలన్నీ జాకెట్టు ముక్కలు పరిచినట్టుంటాయి. షాపూ, అమ్మ కీళ్ళ నొప్పులూ, పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళూ ఒక్కటీ గుర్తుండవు. ఎగరడం ఇష్టం నాకు. చాలా ఇష్టం. అందుకే ఒళ్ళు మండుతోంది.

సంచీ తీసి రెక్క చూసి మళ్ళీ పెట్టేశాను.

ఫిబ్రవరి 9, సోమవారం

రెక్క పంపడానికి వాడు ఒప్పుకోడు. పోనీ ఒక తాడైనా పంపి పరీక్ష చేయిద్దామంటే సరేనన్నాడు. మాస్టారికి ఫోన్ చేస్తే, "తాడు పంపితే తాడు సంగతే తెలుస్తుంది" అని సణిగి ఊరుకున్నారు.

ముందు వరసలో మధ్య తాడు విప్పి కొరియర్ చేశాను. ఆ తాడు లేకుండా రెక్క లేవదు. అదీ నా ఉద్దేశం. వాడికి ఆ ముక్క చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

మాస్టారి ఫోన్ లేదు. ప్రసన్న నిశ్చితార్థం జాకెట్టు కొలతలు పంపింది. మంచి పిల్ల.

ఫిబ్రవరి 19, గురువారం

శామ్ మరీ మెత్తగా మాట్లాడుతున్నాడు. అన్నం తిన్న కంచం తనే కడిగాడు. ఏదో ఉంది.

ఫిబ్రవరి 22, ఆదివారం

పెన్ను నొక్కి నొక్కి రాస్తున్నాను. కోపంతో.

ప్రసన్న వాళ్ళకు టిఫిన్లు సర్ది ఆటోలో తీరానికి తీసుకెళ్ళాను. మాటలు చెప్పుకుని, సముద్రం చూపించి, వెనక్కి పంపాలని నా ఆలోచన. వెళ్ళేసరికి ఇసుక మీద రెక్క పరిచి ఉంది. శామ్ మోటారు తగిలించుకుని నిలబడి ఉన్నాడు, హెల్మెట్‌తో సహా. ముందు వరస చూశాను. మధ్య తాడు ఉంది! ఆకుపచ్చది. పడవల వాళ్ళు పెద్ద చేపలకు కట్టే దారం.

"అదే రకం దారమక్కా. అడిగి కొన్నా. పొడుగు కొలిచి కట్టినా."

"ముడేసి కట్టావు. ముడి దగ్గరే తెగుతుంది. ఒక్కటి పొట్టిదైతే రెక్క వంకర తిరుగుతుంది. అది పక్కన పెట్టు, బట్ట సంగతి ఏంటి?"

"అందురూ జూస్తుండారు. గమ్మునుండు."

ఇంజిన్ స్టార్ట్ చేశాడు. ప్రసన్న వాళ్ళ మామయ్య ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. నాకు ఇంకేం తోచలేదు. చెప్పులు విడిచి, నడుచుకుంటూ వెళ్ళి, రెక్క మధ్యలో కూర్చున్నాను. బట్ట మీద కూర్చోవడమేమిటి, ఇసుకతో రాపిడి, పాడైపోతుంది. అయినా కూర్చున్నాను. చీర కొంగు బొడ్లో దోపుకుని, మఠం వేసుకుని.

"లెయ్యి."

"లేవను."

"అక్కా, నీకు దండం పెడతా, లెయ్యి."

"నన్ను లాగి పడేసి ఎగురు, నీకు చేతనైతే."

ఇంజిన్ ఆపాడు. మోటారు దింపి ఇసుకలో పెట్టి, ఎవరి మొహమూ చూడకుండా సరుగు తోటలోకి వెళ్ళిపోయాడు. మామయ్యగారు "ఏమైనా ప్రాబ్లమా అమ్మా?" అని అడిగారు. గాలి బాలేదండీ అన్నాను. గాలి బంగారంలా ఉంది. ప్రసన్న మాత్రం ఏమీ అడగలేదు, నాతో పాటు కూర్చుని రెక్క మడత పెట్టించింది.

ఫిబ్రవరి 23, సోమవారం

 అమ్మ అన్నం వడ్డిస్తూ — "పదిమందిలో వాడి పరువు దీసినావు గదే."

తీశాను.

ఫిబ్రవరి 26, గురువారం

మాస్టారి ఫోన్. తాడు గట్టిగానే ఉందట. కొత్త తాడు మోసే బరువుకి ఏమంత తగ్గలేదట.

"ఆ రకం తాడుని బ్లీచింగ్ పెద్దగా ఏం చెయ్యదమ్మా. దీన్నిబట్టి బట్ట బాగుందనుకోకు."

ఆయన ముందు శామ్‌కే ఫోన్ చేశారు. వాడు మొదటి ముక్క విని పెట్టేసి ఉంటాడు. షాపులోకి వచ్చి, జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళ ముందే — "ఇన్యావా? తాడు బాగుందంట. వాళ్ళందరి ముందరా నన్ను ఎదవని జేసింది ఎందుకంట?"

"బట్ట సంగతి..."

"బట్ట, బట్ట! నీకు బయ్యం. అంతే. ఈ ఆదివారం ఎగరతా. రెక్క మీద కూసుంటే నీ మీదకే మోటారేస్తా."

సిగ్గేసింది. నిజంగా భయమేనేమో నాకు. పోనీ ఎగరనిద్దాం, ఏమీ కాకపోతే నవ్వుకుంటాం... అనుకున్నాను. ఒక పూటంతా అదే అనుకున్నాను.

ఫిబ్రవరి 28, శనివారం

అలా అనుకుని ఊరుకోలేకపోయాను. చేపలమ్మే సరోజక్క దగ్గర స్ప్రింగు కాటా అడిగి తెచ్చాను. శామ్‌ని పిలిచాను. రానన్నాడు. "నేను తప్పని తేలితే నీ కాళ్ళు పట్టుకుంటా, రా" అంటే వచ్చాడు.

షాపులో బల్ల మీద రెక్క పరిచాను. మాస్టారు చెప్పినట్టే, లావు సూది బట్టలో గుచ్చి, దానికి కాటా కొక్కెం తగిలించి, మెల్లగా లాగాలి. మంచి బట్టైతే కన్నం అంతే ఉంటుంది. ముందు రంగు వెలవని చోట లాగాను. కాటా ముల్లు కదులుతూనే ఉంది, కన్నం కన్నంలాగే ఉంది. శామ్ నవ్వాడు. నాకూ ఒక్క క్షణం ప్రాణం లేచి వచ్చింది. ఓడిపోతే బాగుండనిపించింది, నిజంగా.

తర్వాత వెలిసిన చివర. సూది గుచ్చాను, లాగాను. ముల్లు సరిగ్గా కదలనే లేదు... పర్రుమంది. జానెడు చిరిగింది. నానిన కాగితంలా.

శామ్ నవ్వు అలాగే ఉండిపోయింది మొహం మీద. కాటా నా చేతిలోంచి లాక్కున్నాడు. "నువ్వు గట్టిగా లాగినావు" అని తనే ఇంకోచోట గుచ్చి లాగాడు. ముందంచు దగ్గర, గాలి తోసుకుని లోపలికి పోయే చోట. అక్కడా చిరిగింది. ఇంకోచోట గుచ్చాడు. చాలురా అన్నాను. వినలేదు. నాలుగోదానికి కాటా కింద పెట్టి స్టూలు మీద కూలబడ్డాడు.

"గాల్లో ఉండంగా చినిగుంటే?" అన్నాడు.

  వాడి తల మీద చెయ్యి వేశాను. తోసెయ్యలేదు. ఇద్దరం అలాగే ఉన్నాం, ఎవరో ఫాల్ కుట్టించుకోవడానికి వచ్చేదాకా.

ఈ వేళ్ళతోనే కదా నలిపి, బాగుందని చెప్పాను.

మార్చి 1, ఆదివారం

గుడి నుంచి రాగానే చిన్నాయన ఫోన్. ఆయనకు మేమింకా ఏమీ చెప్పలేదు. చెప్తే గుండె బద్దలైపోతుంది ఆయనకు. చెప్పకపోతే, రేపు ఇంకోటి కొన్నాక అదీ గుంటలో పడితే?

"పాపా, గాలి భలే ఉండాది. ఇయ్యాలన్నా ఎగరతాడా మావోడు? గుంటల కాడోళ్ళందరికీ చెప్పినా, వచ్చి జూడండ్రా, ఆ గొడుగు నేనే కడిగి బాగుజేసినా అని."

 ఫోన్ శామ్‌కి ఇచ్చాను.

వాడు చెవి దగ్గర పెట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.  అవతల చిన్నాయన "అలో... అలో... శామూ, ఇనబడతుందా నాయనా?" అంటూనే ఉన్నాడు.