తిట్ల ఇంటర్వ్యూ

సుబేదారి,
12-6-1986

రాజమల్లు బావకు దండాలు.

మా బిడ్డ సరోజనకు మీ హైదరాబాదులో పెద్ద కంప్యూటర్ కంపెనీలో నౌకరీ వచ్చింది. మిషన్లు కొన్నవాళ్ల ఫిర్యాదులు ఫోన్లో వినాలట. నాకు నమ్మకం కుదరడం లేదు. సర్టిఫికెట్లు పక్కన పెట్టి, పక్కగదిలోంచి ఒకాయన ఫోన్లో అరగంట తిట్టాడట. పిల్ల గొంతు పెంచకుండా "సరే సార్" అంటూనే ఉందట. వెంటనే ఆర్డరు చేతిలో పెట్టారు. ఇదెక్కడి ఇంటర్వ్యూ? అసలు ఆ ఆఫీసు ఉందో లేదో నువ్వే చూసి తిరుగు టపాలో రాయి.

"అంత ఓపిక ఎక్కడ నేర్సుకున్నవే?" అని గద్దించాను.

"ఇంట్లనే బాపూ" అన్నది.

కోపమొచ్చి, పంపేది లేదని అరిచాను. "సరే బాపూ" అన్నది, ఎప్పటిలాగే మెత్తగా.

ఆ 'సరే'ను ఇన్నేళ్లూ నిజమనే అనుకున్నాను బావా.

నీ బామ్మర్ది