రోజూ అడిగే ప్రశ్న

మెదక్, జూలై 1966
శుక్రవారం రాత్రి

ప్రార్థన చేసుకున్నా మనసు కుదుటపడలేదు. ఎవరితోనూ చెప్పుకోలేక ఈ పుస్తకం తెరిచాను.

ఆరో తరగతి పిల్లలకు ప్రెజెంట్ పర్ఫెక్ట్ నోటికి రావాలని, హాజరు పిలిచేటప్పుడు ఒక్కొక్కరినీ 'హావ్ యు ఈటెన్?' అని అడుగుతున్నాను. 'యెస్ టీచర్, ఐ హావ్ ఈటెన్' అనాలి. తిన్నాను, కడుపు ఇంకా నిండుగానే ఉంది అని దాని అర్థమని నేనే చెప్పాను. అందరికంటే చక్కగా చెప్పేది బీడీలు చుట్టే చిన్నమ్మ దగ్గర ఉండే సుగుణ. ఇవాళ కూడా చెప్పింది, మెచ్చుకున్నాను. కాసేపటికే బెంచీ మీద ఒరిగిపోయింది.

నీళ్లు చల్లి, "పొద్దున ఏం తిన్నవ్ బిడ్డా?" అని అడిగాను.

"ఏం తినలే టీచరమ్మా. చిన్నమ్మకు పని లేదు, నిన్నటి సంది పొయ్యి ముట్టియ్యలే."

"మరి తిన్ననని ఎందుకు చెప్పినవే?"

"మీరే గట్ల చెప్పుమంటిరి గద!"

పక్కనున్న మేరీ నవ్వింది. "రోజూ గంతే టీచరమ్మా. బువ్వ లేకున్నా గిది ఇంగ్లీషు మస్తు తింటది."

సుగుణ కూడా నవ్వింది. నాకే నవ్వు రాలేదు. నా టిఫిన్ డబ్బా ఇవ్వబోతే, "అందరు చూస్తుండ్రు, వద్దు టీచరమ్మా" అని తల దించుకుంది.

ఇక ఆ ప్రశ్న అడగను. కానీ అడగకపోతే ఆకలి ఎవరిదో ఎలా తెలుస్తుంది? అడిగితే మాత్రం తెలిసిందా...

ఎంత అలసటగా ఉన్నా రేపు రెండు రొట్టెలు ఎక్కువ చేయాలి. బోర్డు తుడవాలని దాన్నొక్కదాన్నే ఆపితే తీసుకుంటుందేమో.

ప్రభువా, ఈ పేజీ నా పెట్టె అడుగునే ఉండనీ. దాని ఆకలి ఇందులో ఉంది, ఎవరి కంటా పడకూడదు.