పక్క బోర్డు మీద పది

అక్కా,

చించి పారెయ్యకుండా చివరిదాకా చదువు. ఫోన్ చేద్దామంటే నోరు రాలేదు.

రాష్ట్ర పోటీకి మన రైఫిల్ క్లబ్బు నుంచి వెళ్లేది ఒక్కరే. నువ్వో నేనో తేలాల్సిన రోజున, పొద్దున్నే కాఫీల దగ్గర నేను వాగిన వాగుడు గుర్తుంది కదా. "మా లవెర్న్ తుపాకీ రైతుల వేలంలో కొంది, రెండు కోళ్లు కూడా కొసరిచ్చారట" అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు మాత్రం "గొట్టం మంచిదైతే చాలురా, మిగతాదంతా సోకు" అని నీ పని నువ్వు చూసుకున్నావు. నువ్వు చలికాలమంతా చదివి, నలుగురినీ అడిగి ఆ గొట్టం మార్పించావు. నేనో, ధర ఎక్కువైతే సరుకు మంచిదేలే అని, కొట్లో గోడ మీద అన్నిటికంటే పైనున్నది దింపించుకున్నాను. మా ఆవిడ జోలీన్‌కి సగం ధరే చెప్పాను. ఆ డబ్బుతో బాగుచేయించాల్సిన మా వంటింటి పైకప్పు ఇంకా కారుతూనే ఉంది.

ఆఖరి గుండు దాకా ఇద్దరం సమానం. పక్కపక్కనే బోర్లా పడుకుని దాదాపు ఒకేసారి కాల్చాం. గోతిలోవాళ్లు నీ బోర్డు మీద పది చూపించారు. నా బోర్డుకి అసలు తగలనే లేదు. అంత పోసి కొన్న తుపాకీతో సున్నా! తల కొట్టేసినట్టయింది. అప్పుడే ఆ మాట నా నోట్లోంచి ఊడిపడింది. "మా అక్క డొక్కు తుపాకీలోంచి ఎగిరిన ఖాళీ తూటా కాలుతూ నా కాలర్లో పడింది, అందుకే చెయ్యి అదిరింది" అని.

పడలేదక్కా. ఏదీ పడలేదు. క్లబ్బు పెద్ద ఓర్విల్ నీ వంక చూశాడు. నీ మొహం కందిపోయింది. "వాణ్ణే పంపండి" అని తుపాకీ సర్దుకుని వెళ్లిపోయావు. అప్పటినుంచి క్లబ్బు గడప తొక్కలేదు. నేను సిగ్గులేకుండా ఊరుకున్నాను. ఈ వారంలోనే వెళ్లి ఓర్విల్‌తో నిజం చెప్పేస్తాను. ఆ చోటు నీది. నన్ను ఎంతైనా తిట్టు, మాట్లాడకుండా మాత్రం ఉండకు.

నీకు మొహం చూపించలేని తమ్ముడు,
క్లేటన్


ఒరే క్లేటన్,

అబద్ధమని నాకప్పుడే తెలుసు. నీకు దోమ కుట్టినా ఊరంతా వినపడేలా అరుస్తావు, మెడ కాలితే ఊరుకుంటావా! నేను వెళ్లిపోయింది అందుకు కాదు.

ఆ ఆఖరి గుండు నేను గురి తప్పి పక్కకి లాగేశాను. మీట నొక్కుతుండగానే తెలిసింది, అంచుకి పోయిందని. అయినా నాకు పది చూపించారు, నీకేమో ఏమీ తగల్లేదు. ఏం జరిగిందో నాకు అర్థమైంది. బోర్డుల కింద గోతిలో కూర్చుని దెబ్బలు చూసి చెప్పే వంతు ఆ రోజు మన క్లబ్బు మావిస్‌ది కదా, సాయంత్రం అదే ఫోన్ చేసి చెప్పింది. నా బోర్డుకి రెండు రంధ్రాలట, ఒకటి అంచున, ఒకటి నట్టనడుమ. ఆ నడుమది నీదిరా.

రెండు పడితే మంచిది ఆ బోర్డు మనిషికే రాస్తారు, పక్క బోర్డు కొట్టినవాడికి సున్నా. రూలు నా వైపే. కానీ "ఆ పది మా తమ్ముడు కొట్టింది" అనడానికి నాకు నోరు పెగల్లేదు. పొద్దున నువ్వన్న మాటలకి కడుపు మండిపోయి ఉన్నాను. నీ ఖరీదైన తుపాకీకి నలుగురిలో సున్నా వస్తే సంతోషించాను. నీ అబద్ధం కంటే నా సంతోషమే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది. చోటు వదిలేస్తే సరిపోతుందనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అదీ పిరికితనమే అనిపించింది.

ఓర్విల్ దగ్గరికి ఒక్కడివే వెళ్లకు. శనివారం ఇద్దరం వెళ్దాం. జింకల వేట మొదలైతే ఓర్విల్ మళ్లీ దొరకడు. నేను దాచిందీ చెప్తాను. ఆయన ఒప్పుకుంటే తుపాకులు మార్చుకుని మళ్లీ కాలుద్దాం, ఏది ఎంత విలువ చేస్తుందో అప్పుడు తేలుతుంది. ముందు జోలీన్‌కి అసలు ధర చెప్పి రా.

నీది మంచి తుపాకీరా, పెట్టిన డబ్బుకి న్యాయమే చేసింది. కాల్చేటప్పుడు నా బోర్డు వంక చూడటం మాత్రం మానుకో.

మీ అక్క,
లవెర్న్