మా ముత్యాలన్న ఇంకా నీళ్లలోనే ఉన్నాడు

బోటింగ్ మేనేజర్ గారికి,

ఆదివారం నేను బోట్లు దించను. పెడల్ బోటు కింద చుట్టుకున్న నాచు తీయమని మీరు పంపితేనే ముత్యాలన్న ఆ చెరువులో మునిగినాడు. ఇంతవరకు తేలలేదు. ఈతగాళ్లు వెతికి వెళ్లిపోయినారు. తూము ఎత్తి నీళ్లు తీసేద్దామంటే, "బోట్లు బురదలో కూర్చుంటాయిరా, జనం వచ్చే రోజులు" అన్నారు.

మాది మైపాడు సార్. సముద్రంలో పోయినవాడు ఒడ్డుకు చేరేదాకా మావాళ్లు పడవ దించరు. మీరు మర్నాడే దించమన్నారు. ఆయన మునిగినచోటికి పోతే చాలు, పెడల్ బిగుసుకుపోతోంది. కింద ఎవరో పట్టుకున్నట్టే ఉంటుంది. నాచేలే అన్నారు. దిగి చూసినాను, అక్కడ నాచు లేదు.

ఆయన భార్య కామమ్మ వదిన చెరువుకట్ట దిగడం లేదు. గాజులు తీయమని ఆడవాళ్లు చెబితే, "ముందు మనిషిని చూపించండి" అంటోంది. నిన్న నన్ను పిలిచి, "అబ్బయా, కేకేస్తా ఉన్నాడు, నీకు వినపడలా?" అని అడిగింది. లేదని చెప్పలేకపోయినాను.

ఈ ఉత్తరం మీ బల్ల మీద పెట్టి తూము ఎత్తడానికి పోతున్నాను. పోలీసులను పంపాలనుకుంటే పంపండి. అన్నను మోయడానికి మనుషులు కావాలి.

ఇట్లు,
మీ బోట్ల దగ్గర పనిచేసినవాడు